మాత్ర మీద లేని పేరు

మాది కళింగపట్నం. వంశధార వచ్చి సముద్రంలో కలిసే చోటు. ఒకప్పుడు ఓడలు ఆగిన రేవు. ఇప్పుడు లైట్‌హౌస్ చూడ్డానికీ, సెలవు రోజున ఇసుకలో కాసేపు కూర్చోడానికీ శ్రీకాకుళం నుంచి జనం వస్తుంటారు. అయితే నేను రాయబోయేది మా ఊరి గురించి కాదు. భీమవరంలో పుట్టి, అమెరికాలో కన్నుమూసిన ఒక మనిషి గురించి. ఆయనకి మా ఊరితో ఏ చుట్టరికమూ లేదు. కానీ ఏడాదికోసారి ఆయన మా ఇంటికి వచ్చేవారు. ఆ సంగతి నాకు ఇంజనీరింగ్‌లో చేరాక గానీ తెలీలేదు.

మా మామ్మకి ఎడమకాలు బోదకాలు. మోకాలి కింద నుంచి పాదం దాకా ఒకే మందంగా ఉండేది. చర్మం మర్రిచెట్టు బెరడులా గరుకు. పండక్కి చెప్పుల జత కొంటే కుడికాలిది మాత్రం తొడుక్కునేది, రెండోది గుమ్మం పక్కన కొత్తగానే ఉండిపోయేది. రెండు మూడు నెలలకోసారి చలిజ్వరం తగిలి, గజ్జల్లో బిళ్ళ కట్టి, మూడు రోజులు మంచం దిగేది కాదు. శ్రీకాకుళం, విజయనగరం తీరంలో పెరిగినవాళ్ళకి ఇదేం వింత కాదు. ప్రతి వీధిలో ఒక ముసలమ్మో ముసలాయనో అలా కాలు ఈడ్చుకుంటూ కనిపించేవారు. దాన్ని రోగం అనుకునేవాళ్ళం కూడా కాదు, వయసుతో పాటు వచ్చేదేదో అనుకునేవాళ్ళం.

మామ్మ వయసులో ఉన్నప్పుడు ఫైలేరియా వాళ్ళు రాత్రిపూట వచ్చేవారట. ఊరంతా నిద్రలో ఉండగా తలుపు తట్టి, వేలికి సూది గుచ్చి, గాజు పలక మీద రక్తం చుక్క తీసుకుని పోయేవారట. పగలంతా ఊరుకుని రాత్రి రక్తం తీసేవాళ్ళంటే ఎవరికి మాత్రం నమ్మకం కుదురుతుంది? రక్తం అమ్ముకుంటున్నారని పుకారు పుట్టి కొందరు పొలాల్లోకి పారిపోయారని మామ్మ నవ్వుతూ చెప్పేది. అసలు కారణం వేరు. ఫైలేరియా పురుగు పిల్లలు పగలు లోపలి రక్తనాళాల్లో దాక్కుని, రాత్రి దోమ కుట్టే వేళకి పైరక్తంలోకి వస్తాయి. అందుకే రాత్రి తీసిన చుక్కలోనే అవి దొరుకుతాయి. ఈ సంగతి ఆ రోజుల్లో మా వాళ్ళకి అర్థమయ్యేలా ఎవరైనా చెప్పి ఉంటే, అంతమంది పారిపోయేవాళ్ళు కాదేమో.

నా చిన్నప్పటికి రాత్రి రక్తాలు పోయి మాత్రలు వచ్చాయి. ఏడాదికోసారి ఆశా కార్యకర్త డబ్బా పట్టుకుని ఇంటింటికీ తిరిగేది. పెద్దవాళ్ళకి మూడు, పిల్లలకి వయసుని బట్టి ఒకటో రెండో, దాంతో పాటు నులిపురుగుల మాత్ర. తన ఎదురుగానే మింగమనేది. అంతకు ముందు ఏడాది ఆ మాత్రలు వేసుకున్నాక మామ్మకి జ్వరం, వాంతులు వచ్చాయి. దాంతో నేను ఆరో తరగతిలో ఉండగా రెండు మాత్రలూ నాలుక కింద దాచి, ఆవిడ పక్కింటికి వెళ్ళగానే ఇసుకలో ఉమ్మేశాను. పైగా కాలితో మట్టి కప్పాను. అదొక ఘనకార్యంలా మా క్లాసులో చెప్పుకున్నాను కూడా.

ఇది జరిగిన చాలా ఏళ్ళకి, మన క్లబ్బు సైన్సు ప్రత్యేక సంచికకి తలా ఒక తెలుగు శాస్త్రవేత్త గురించి రాయమంది. నాకు యల్లాప్రగడ సుబ్బారావు గారు వచ్చారు. స్కూలు పుస్తకాల్లో చదివిన పేరే కదా, ఒక పేజీ ఎత్తి రాసేద్దాం అనుకున్నాను. ఆయన బృందం తయారుచేసిన మందుల జాబితా చూస్తూ ఒకచోట ఆగిపోయాను. హెట్రజాన్. దాని రసాయన నామం డైఇథైల్‌కార్బమజీన్. పొట్టిగా డీఈసీ. మా ఆశా అక్క డబ్బా మీద ఉన్న మూడక్షరాలు అవే. నేను ఉమ్మేసింది ఆయన మాత్రని!

అప్పటి నుంచి ఆ ఒక్క పేజీ వ్యాసం ఇంతయింది.

సుబ్బారావు గారు 1895 జనవరి 12న భీమవరంలో పుట్టారు. బడి పిల్లాడిగా ఆయన మనలో చాలామంది కంటే మెరుగేమీ కాదు. పదమూడేళ్ళ వయసులో, కాశీకి పోయి యాత్రికులకి అరటిపళ్ళు అమ్మి డబ్బు గడిద్దామని ఇంట్లోంచి పారిపోయారు. తల్లి వెంకమ్మ గారు వెతికి పట్టుకొచ్చి మళ్ళీ బళ్ళో కూర్చోబెట్టారు. మెట్రిక్ మూడో ప్రయత్నంలో గానీ గట్టెక్కలేదు. బ్యాక్‌లాగులు ఉన్న మిత్రులు ఈ వాక్యాన్ని గోడకి అంటించుకోవచ్చు. తర్వాత రామకృష్ణ మఠంలో చేరిపోదామనుకున్నారు. తల్లి ఒప్పుకోలేదు. చివరికి మద్రాసు వైద్య కళాశాలలో చేరారు.

అక్కడ గాంధీగారి పిలుపు విని ఖద్దరుతో కుట్టిన సర్జరీ కోటు వేసుకుని వెళ్ళారు. సర్జరీ ప్రొఫెసరుగారికి అది కంటగింపయింది. పరీక్షలు బాగా రాసినా చివరికి ఎం.బి.బి.ఎస్. రాలేదు, దానికంటే తక్కువదైన ఎల్.ఎం.ఎస్. పట్టాతో బయటికొచ్చారు. ఆ పట్టాతో ప్రభుత్వ వైద్య సర్వీసులోకి వెళ్ళలేక, ఆచంట లక్ష్మీపతి గారి దగ్గర ఆయుర్వేద కళాశాలలో పాఠాలు చెప్పారు.

ఆయన్ని పరిశోధన వైపు నెట్టింది మాత్రం ఇంట్లో పడిన దెబ్బ. స్ప్రూ అనే జబ్బు ఉంది. తిన్నది ఒంటికి పట్టదు, విరేచనాలు ఆగవు, నోరంతా పూస్తుంది, రక్తం పలచబడి మనిషి ఎండిపోతాడు. ఆ జబ్బుతో ఆయన అన్నదమ్ములు ఇద్దరు కొద్ది రోజుల తేడాలో పోయారు. ఆయనకీ అదే జబ్బు సోకింది. లక్ష్మీపతి గారి ఆయుర్వేద వైద్యంతో బతికి బయటపడ్డారు. అల్లోపతి చదివిన డాక్టరుకి సొంత అన్నదమ్ముల్ని చంపిన జబ్బు ఎందుకొస్తుందో తెలీదు, దేంతో తగ్గుతుందో తెలీదు. ఆ ప్రశ్న ఆయన్ని బోస్టన్ దాకా తీసుకెళ్ళింది. మామగారు కస్తూరి సూర్యనారాయణమూర్తి గారు, కాకినాడ మల్లాడి సత్యలింగ నాయకర్ ధర్మసంస్థ డబ్బు సాయం చేశారు. 1923 అక్టోబరులో అమెరికాలో దిగారు.

ఇక్కడ భార్య శేషగిరి గారి మాట చెప్పకుండా ముందుకు పోతే తప్పు. 1919లో పెళ్ళయింది. ఆయన వెళ్ళాక పుట్టిన కొడుకు ఏడాది నిండకుండానే పోయాడు. ఆయన ఆ పిల్లాడి ముఖం చూడలేదు. ఆ తర్వాత పాతికేళ్ళలో ఒక్కసారి కూడా తిరిగి రాలేదు. మహానుభావుల కథల్లో ఇంట్లోవాళ్ళ ఎదురుచూపుని ఒక వాక్యంలో దాటేస్తుంటాం. నేనూ అదే చేస్తున్నాను, ఆవిడ గురించి నాకు తెలిసింది అంతే కాబట్టి. కానీ ఆయన త్యాగం గురించి మాట్లాడినప్పుడల్లా అందులో సగం ఆవిడదని గుర్తుపెట్టుకోవాలి.

హార్వర్డ్‌లో ఉష్ణమండల వైద్యం చదువుతూ, పొట్ట గడవడానికి ఆసుపత్రిలో రాత్రిపూట రోగుల మలమూత్రాల పాత్రలు ఎత్తి శుభ్రం చేసే పని చేశారు. తర్వాత సైరస్ ఫిస్క్ అనే ప్రొఫెసరు దగ్గర జీవరసాయన శాస్త్రంలో చేరారు. 1925లో రక్తంలో, మూత్రంలో భాస్వరం ఎంత ఉందో కొలిచే పద్ధతి ఇద్దరూ కలిసి కనిపెట్టారు. ఫాస్ఫేటు ఉన్న ద్రవంలో మాలిబ్డేటు కలిపి, క్షయకరణం చేస్తే నీలం రంగు వస్తుంది. ఆ నీలం ఎంత ముదురైతే భాస్వరం అంత ఎక్కువ. కలరీమీటరులో చూసి లెక్క కట్టడమే. బయోటెక్నాలజీ మిత్రులకి ఫిస్క్–సుబ్బారావ్ పద్ధతి అంటే వెంటనే తెలుస్తుంది.

భాస్వరాన్ని కొలవడం చేతికి రాగానే కండరంలో దాగిన గుట్టు బయటపడింది. 1927లో ఫాస్ఫోక్రియాటిన్, 1929లో ఏటీపీ. ఏటీపీని అదే ఏడాది జర్మనీలో కార్ల్ లోమాన్ విడిగా కనుక్కున్నారు. మా తీరంలో పడవని అలల్లోకి తోసే దృశ్యం ఎప్పుడైనా చూశారా? అందరూ ఒక్క కేక వేసి ఒక్క ఊపున తోస్తారు. ఆ మొదటి కొన్ని క్షణాల బలం తిన్న అన్నం నుంచి అప్పటికప్పుడు రాదు. కండరంలో సిద్ధంగా ఉన్న ఏటీపీ ఖర్చవుతుంటే, ఫాస్ఫోక్రియాటిన్ దాన్ని వెంటవెంటనే భర్తీ చేస్తుంది. విశ్రాంతిలో మళ్ళీ ఆ నిల్వ నిండుతుంది. అప్పటిదాకా కండరం కదలికకి లాక్టిక్ ఆమ్లమే మూలమని నమ్మేవారు. ఆ సిద్ధాంతానికి 1922 నోబెల్‌తో గౌరవం దక్కింది కూడా. ఈ ఇద్దరి పనితో అది తలకిందులైంది.

1930లో పీహెచ్‌డీ వచ్చింది. కానీ హార్వర్డ్ ఆయనకి శాశ్వత ఉద్యోగం ఇవ్వలేదు. 1940లో న్యూయార్క్ రాష్ట్రం పెర్ల్ రివర్‌లోని లెడర్లీ ప్రయోగశాలలకి వెళ్ళిపోయారు. అక్కడ పరిశోధన విభాగానికి అధిపతి అయ్యారు. ఆ తర్వాత ఆయన బతికింది ఎనిమిదేళ్ళు. ఆ ఎనిమిదేళ్ళలో జరిగిన పని చూస్తే మనం నాలుగేళ్ళలో ఏం చేస్తున్నామా అనిపిస్తుంది.

మొదటిది ఫోలిక్ ఆమ్లం. బొంబాయిలో గర్భిణీ స్త్రీల రక్తహీనత మీద లూసీ విల్స్ చేసిన పని వల్ల కాలేయంలో, ఈస్ట్‌లో ఏదో రక్తం పట్టించే పదార్థం ఉందని తెలుసు. అది ఏమిటో తేల్చి, ప్రయోగశాలలో తయారుచేసింది సుబ్బారావు గారి బృందం. 1945లో వచ్చిన ఆ పరిశోధన పత్రం మీద పదహారు పేర్లున్నాయి. వాటి మధ్యలో ఎక్కడో ఆయన పేరు. డైరెక్టరు కదా అని ముందు వేసుకోలేదు. ఆ మందు స్ప్రూ రోగులకి పనిచేసింది. అన్నదమ్ముల్ని తీసుకుపోయిన జబ్బుకి ఆయన చేతి మీదుగానే మందు వచ్చింది, పాతికేళ్ళు ఆలస్యంగా. స్కూల్లో మనకి వారానికోసారి ఇచ్చిన నీలం మాత్రలో ఇనుముతో పాటు ఉండేది ఈ ఫోలిక్ ఆమ్లమే.

రెండోది దానికి తలకిందులు. ఫోలిక్ ఆమ్లం రక్తకణాల్ని పెంచితే, దానిలా వేషం వేసుకుని దాని పనిని అడ్డుకునే అణువు కేన్సరు కణాల్ని ఆపొచ్చు కదా? అలా వచ్చింది అమినోప్టెరిన్. బోస్టన్‌లో పిల్లల పాథాలజిస్టు సిడ్నీ ఫార్బర్ దాన్ని రక్తకేన్సరు ఉన్న పదహారు మంది పిల్లలకి ఇచ్చి చూశారు. పది మందిలో కొంతకాలం పాటు గుణం కనిపించింది. 1948 జూన్‌లో ఆ ఫలితాలు అచ్చయ్యాయి. అప్పటిదాకా ఆ జబ్బు వచ్చిన పిల్లల విషయంలో డాక్టర్లు చేసేదేమీ ఉండేది కాదు. అమినోప్టెరిన్‌కి తోబుట్టువైన మెథోట్రెక్సేట్‌ని ఈనాటికీ కేన్సరుకీ, కీళ్ళవాతానికీ వాడుతున్నారు.

మూడోది ఆరియోమైసిన్. విశ్వవిద్యాలయం వయసు మీరిందని రిటైర్ చేసిన బెంజమిన్ డగ్గర్ అనే డెబ్బై దాటిన వృక్షశాస్త్రజ్ఞుడు లెడర్లీలో చేరి మట్టి నమూనాలు వెతికారు. మిస్సోరి మట్టిలో బంగారు రంగు సూక్ష్మజీవి దొరికింది. టెట్రాసైక్లిన్ కుటుంబంలో అదే మొదటి మందు. 1948 జూలైలో లోకానికి ప్రకటించారు. ఆ ఘనత డగ్గర్ పేరు మీదే ఉంది, ఉండాలి కూడా.

నాలుగోది మా ఇంటి మాత్ర. రెండో ప్రపంచ యుద్ధంలో పసిఫిక్ దీవులకి వెళ్ళిన అమెరికా సైనికులకి ఫైలేరియా సోకింది. మా తీరంలో తరతరాలుగా ఉన్న జబ్బుకి మందు వెతకడం అప్పుడు అమెరికాకి అవసరమైంది. లెడర్లీలో కాటన్ ఎలుకల మీద, కుక్కల మీద ఎన్నో రసాయనాలు పరీక్షించి, 1947లో హెట్రజాన్ ఫలితాలు ప్రకటించారు. నోటితో మింగే మందు, చవకైన మందు. రక్తంలో ఉన్న పురుగు పిల్లల్ని చంపుతుంది. అవి ఒక్కసారిగా చస్తాయి గనకే కొందరికి జ్వరం, వాంతులు వస్తాయి. అంటే మామ్మకి వచ్చిన జ్వరం మందు వికటించడం వల్ల కాకపోవచ్చు, పనిచేయడం వల్ల కావచ్చు. ఆరో తరగతిలో నాకు ఈ ఒక్క ముక్క తెలిసుంటే బాగుండేది. ఒకసారి వాచి గట్టిపడిన కాలుని మాత్రం ఈ మాత్ర మామూలు చేయలేదు. ఊళ్ళో అందరూ మింగితే దోమ మోసుకెళ్ళడానికి పురుగు పిల్లలు మిగలవు, తర్వాతి తరానికి ఆ కాలు రాదు. అంటే మామ్మ ఆ మాత్రలు తన కోసం మింగలేదు. నా కోసం మింగింది. నేను ఉమ్మేశాను.

1948 ఆగస్టులో సుబ్బారావు గారు నిద్రలోనే గుండె ఆగి పోయారు. వయసు 53. స్వతంత్ర భారతానికి మొదటి ఏడాది నిండడానికి ఇంకా కొద్ది రోజులే. ఆరియోమైసిన్ ప్రకటించి నెల కూడా కాలేదు. అమెరికా పౌరసత్వం తీసుకునే వీలున్నా తీసుకోలేదు, భారతీయుడిగానే పోయారు.

నన్ను ఎక్కువ ఆలోచింపజేసింది ఆ తర్వాత జరిగినది. మనిషి పోయాక తోటివాళ్ళు ఏం గుర్తుపెట్టుకుంటారు? లెడర్లీ సహచరులు ఆయన్ని రాత్రీ పగలూ తేడా తెలీని మనిషిగా, పేరు కోసం ముందుకు తోసుకురాని పెద్దగా చెప్పుకున్నారు. 1953లో అదే సంస్థకి చెందిన హెసెల్టైన్ అనే శాస్త్రజ్ఞుడు మురుగునీటిని శుద్ధి చేసే వడపోతల్లో ఒక కొత్త బూజు జాతిని గుర్తించి, దానికి సుబ్బారోమైసిస్ అని పేరు పెట్టారు. మనమైతే విమానాశ్రయానికో విశ్వవిద్యాలయానికో పేరు పెట్టాలంటాం. సూక్ష్మజీవుల్లో మందులు వెతికించిన మనిషికి తోటి పనివాడు ఇచ్చిన ఆ నివాళి నాకు వాటికంటే పెద్దదిగా అనిపించింది.

ఇంకో సహచరుడి సాక్ష్యం ఉంది. జార్జ్ హిచింగ్స్ హార్వర్డ్‌లో ఫిస్క్ ప్రయోగశాలలోనే పనిచేసినవారు. తర్వాత 1988లో నోబెల్ అందుకున్నారు. సుబ్బారావు వేరుచేసిన కొన్ని న్యూక్లియోటైడ్లని ఏళ్ళ తర్వాత వేరేవాళ్ళు మళ్ళీ కొత్తగా కనిపెట్టాల్సి వచ్చిందనీ, ఫిస్క్ అసూయతో వాటిని వెలుగు చూడనివ్వకపోవడమే దానికి కారణమనీ ఆయన బయటపెట్టారు. అందులో హిచింగ్స్‌కి వచ్చే లాభమేమీ లేదు. చూసింది చెప్పారు, అంతే. సుబ్బారావు గారు తన గురించి చెప్పుకోలేదు. ఎస్.పి.కె. గుప్త గారు ఏళ్ళ తరబడి శ్రమపడి జీవితచరిత్ర రాశారు. మన తపాలా శాఖ 1995లో శతజయంతి బిళ్ళ వేసింది. ఆయన పేరు మనదాకా వచ్చిందంటే ఇలా ఒకరి తర్వాత ఒకరు పూనుకోబట్టే.

ఇది చదువుతున్న రాత్రే నాకు పోయిన సెమిస్టరు ప్రాజెక్టు గుర్తొచ్చింది. ట్యాంకు నిండితే మోటారు దానంతటదే ఆగే చిన్న సర్క్యూట్. మా బ్యాచ్ నలుగురం. అందులో పాలిటెక్నిక్ చదివి రెండో ఏడాదిలో వచ్చి చేరిన మిత్రుడు ఒకడున్నాడు. సోల్డరింగ్ అంతా వాడిదే, సెన్సరు పదేపదే మొరాయిస్తే మూడు రాత్రులు కూర్చుని తప్పు పట్టుకున్నదీ వాడే. ఇంగ్లీషులో మాట్లాడ్డానికి మొహమాటపడతాడు. అందుకని ప్రెజెంటేషన్ నేను ఇచ్చాను. బయటి నుంచి వచ్చిన ఎగ్జామినరు ఆ సెన్సరు ఐడియా ఎవరిదని అడిగారు. నేను నవ్వి ఊరుకున్నాను. అబద్ధం చెప్పలేదు, నిజమూ చెప్పలేదు. మంచి మార్కులు వచ్చాయి. వాడు నన్నేమీ అడగలేదు.

అన్నాళ్ళూ నేను ఈ కథలో నన్ను సుబ్బారావు గారి పక్కన నిలబెట్టుకుని చదువుతున్నాను. తెలుగువాడికి అన్యాయం జరిగిందని ఫిస్క్ మీద పళ్ళు కొరుకుతూ చదువుతున్నాను. ఆ రాత్రి తెలిసింది, నేను నిలబడ్డది ఫిస్క్ పక్కన అని. అంత పెద్ద విషయం కాకపోవచ్చు, రెండు క్రెడిట్ల ప్రాజెక్టే. కానీ అలవాటు అక్కడే మొదలవుతుంది.

మర్నాడు వాడికి చెప్పాను. వాడు ఫరవాలేదురా అన్నట్టు చెయ్యి ఊపేశాడు. అయినా మా గైడ్ గారి దగ్గరికి ఇద్దరం వెళ్ళాం. డిపార్ట్‌మెంట్‌లో ఉంచే కాపీలో ఎవరు ఏ పని చేశారో ఒక పేజీ చేర్చాం. మార్కులు మారలేదు. ఎగ్జామినరు గారికి ఎప్పటికీ తెలీదు. ఆ పేజీ చదివేవాళ్ళు కూడా ఉండకపోవచ్చు.

మామ్మ పోయి నాలుగేళ్ళయింది. ఫోలిక్ ఆమ్లం, మెథోట్రెక్సేట్, డీఈసీ మూడూ ప్రపంచ ఆరోగ్య సంస్థ అత్యవసర మందుల జాబితాలో ఉన్నాయి. మాత్రల మీద కనిపెట్టినవాళ్ళ పేర్లు వేయరు, వేయక్కర్లేదు కూడా. కానీ మొన్న సెలవులకి ఇంటికెళ్ళినప్పుడు మా చెల్లికి ఆ పేరు చెప్పాను. అమ్మ వింటూ, మామ్మ కాలుకి రోజూ సబ్బునీళ్ళతో కడిగి పొడిబట్టతో తుడిచిన రోజుల గురించి మాట్లాడింది. ఆ గుమ్మం పక్కన ఎడమకాలి చెప్పు ఒకటి ఇంకా ఉంది. తీసి పారేయడానికి ఎవరికీ మనసొప్పలేదు.